వెళ్లేటప్పుడు కాదు, పొద్దున్నే చెప్పండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. ఆఫీసు టైమ్ అయిపోయినా పని వదలడం లేదు. కాదందామంటే మొహమాటం, అనకపోతే ఆరోగ్యం పాడవుతోంది. వాటిలోంచి మూడు ఉత్తరాలు తీసుకున్నాను. బ్యాంకు ఉద్యోగిని ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. నా ఉద్యోగ జీవితమంతా బ్యాంకులోనే గడిచింది, ఆ కౌంటర్ వెనక ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. పల్లెటూరి బ్రాంచిలో అసిస్టెంట్ మేనేజర్‌ని. మేనేజర్ గారు, నేను, ఇద్దరు క్లర్కులు, ఒక సబ్‌స్టాఫ్, అంతే. ఉదయం తొమ్మిదిన్నరకు వెళ్తే బయటపడేసరికి రాత్రి ఎనిమిదింపావు అవుతుంది. సాయంత్రం ఆరున్నరకు రీజినల్ ఆఫీసు వాళ్ల వీసీ (వీడియో కాన్ఫరెన్స్). మేనేజర్ గారు అందులో కూర్చుంటే ఆయనకు కావలసిన అంకెలన్నీ నేను తీసివ్వాలి. ఇంటికొచ్చాక వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు, తొమ్మిదిన్నర దాటాక కూడా ఫోన్లు. ప్రతి ఆదివారం మూడు గంటలు మొండిబాకీల రికవరీకి ఊళ్లు తిరగాలి. ఎప్పుడైనా తొందరగా వెళ్లాల్సివస్తే "పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లమ్మా, మిగతావి నేను చూసుకుంటా" అంటారు మేనేజర్ గారు. ఇస్తున్నాను. ఆయన చెడ్డవారేం కాదు, ఆయన మీదా పైనుంచి ఒత్తిడే. పోయిన నెల కళ్లు తిరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. బీపీ 150/100 ఉందని మాత్రలు రాశారు. మా పాప నాలుగో తరగతి. ఆదివారం బ్యాగు తీస్తే చాలు, ముఖం తిప్పుకుంటోంది. గట్టిగా మాట్లాడితే దూరం ట్రాన్స్‌ఫర్ చేస్తారని భయం. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు పాస్‌వర్డ్ సంగతి చూద్దాం. మిగతావి నెమ్మదిగా సర్దుకోవచ్చు. ఇది మాత్రం మీరు ఈ పేజీ చదివిన మర్నాడే ఆగిపోవాలి.

ఒకరు ఎంట్రీ వేయడం, ఇంకొకరు చూసి పాస్ చేయడం అనే పద్ధతి ఎందుకు పెట్టారో మీకు నేను చెప్పనక్కర్లేదు. రెండు పనులూ ఒక్కరే చేస్తే ఆ తనిఖీ లేనట్టే. రేపు ఏదైనా తేడా వస్తే సిస్టమ్‌లో కనిపించేది మీ ఐడీ. "ఆ టైమ్‌లో నేను ఇంట్లో ఉన్నాను, సార్ అడిగితే ఇచ్చాను" అంటే, ఇవ్వకూడదని తెలిసీ ఎందుకిచ్చారని మిమ్మల్నే అడుగుతారు. నాతో పనిచేసిన ఒక కుర్ర ఆఫీసరు పాస్‌వర్డ్ చీటీ మీద రాసి కీబోర్డు కింద అంటించి వెళ్లేవాడు. చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టిన రోజుల్లో అతని ఐడీతో బంగారం లోన్లు పాస్ అయ్యాయి. ఆ నగలు నకిలీవని తర్వాత ఆడిట్‌లో తేలింది. ఆ రోజు తను ఊళ్లో లేనని చూపించడానికి పెళ్లి ఆల్బమ్, బస్సు టికెట్లు పట్టుకుని ఎంక్వైరీకి తిరిగాడు. డబ్బు తినలేదని నమ్మారు. పాస్‌వర్డ్ ఇచ్చినందుకు మాత్రం ఇంక్రిమెంట్ కోశారు, ఆ ఏడాది ప్రమోషన్ పోయింది. ఎంక్వైరీ నడిచినన్నాళ్లూ అతను తెచ్చుకున్న లంచ్ బాక్స్ మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్లేవాడు. ఆ పిల్లవాణ్ని దగ్గరగా చూశాను కాబట్టే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేనేజర్ గారితో దీని గురించి గొడవ పడనక్కర్లేదు. పొద్దున బ్రాంచి తెరిచాక, ఇంకా కస్టమర్లు రాకముందు, ఆయన గదిలోకి వెళ్లి చెప్పండి. "సార్, ఇకనుంచి నా ఐడీ నేను ఉన్నప్పుడే వాడతాను. ఇవాళ ఐదున్నరకు వెళ్లాలి. నాలుగున్నరకల్లా రెండు కౌంటర్లలో పెండింగ్ వోచర్లన్నీ పాస్ చేసి, క్యాష్ క్లోజ్ చేయించి వెళ్తాను." చెప్పినట్టే చేయండి. నాలుగున్నరకు మీరే లేచి కౌంటర్ల దగ్గరకు వెళ్లి "ఇంకేమైనా ఉన్నాయా" అని అడగండి. క్లర్కులకు కూడా రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. మీరు సెలవులో ఉంటే ఇంకో ఆఫీసర్‌ను డిప్యుటేషన్ మీద పంపమని రీజినల్ ఆఫీసును అడగడం మేనేజర్ గారి బాధ్యత. మీ పాస్‌వర్డ్ దొరుకుతున్నంత కాలం ఆయన ఆ ఉత్తరం రాయరు, వాళ్లూ మనిషిని పంపరు. ఇది కూడా ఆలోచించండి.

"నేను లేకపోతే బ్రాంచి నడవదు" అనే మాట మీరు రాయలేదు గానీ, ఉత్తరం నిండా ఆ భయం కనిపిస్తోంది. రిజర్వ్ బ్యాంకు 2021 జులైలో బ్యాంకులకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, ఒకే విడతలో కనీసం 10 పనిరోజులు సెలవు మీద పంపాలి. ఆ రోజుల్లో వాళ్లకు మామూలు ఆఫీసు మెయిల్ తప్ప, చేసే పనికి సంబంధించిన ఏదీ అందుబాటులో ఉండకూడదు. మోసాలు బయటపడాలని పెట్టిన నియమం అది, మన విశ్రాంతి కోసం కాదు. అయినా అందులోంచి మనం తీసుకోవలసింది ఉంది. కీలకమైన సీటులో ఉన్న మనిషి రెండు వారాలు పూర్తిగా కనబడకపోయినా పని నడిచేలా బ్యాంకు ఏర్పాటు చేసుకోవాలని రిజర్వ్ బ్యాంకే అంటోంది. అలాంటప్పుడు ఒక అసిస్టెంట్ మేనేజర్ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ ఎత్తకపోతే ఏమీ ఆగిపోదు.

ఫోన్ గురించి ఇంకో మాట. అప్పు తీర్చని మనిషికి రికవరీ కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. చిన్న మొత్తాల మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఇంకా కట్టుదిట్టం, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే. బాకీ ఉన్న మనిషి రాత్రిపూట ప్రశాంతంగా ఉండాలని చట్టబద్ధంగా ఒక వేళ పెట్టారు. అది చాలా మంచి పని. ఆ బాకీ వసూలు చేసే ఉద్యోగికి మాత్రం అలాంటి వేళ ఏదీ లేదు. ఆఫీసర్లకు ఓవర్‌టైమ్ కూడా లేదు. అందుకే ఆ వేళ మీరే పెట్టుకోవాలి.

ఎలాగంటారా? ఫోన్ స్విచాఫ్ చేయమని నేను చెప్పను. అలా చేస్తే మీకే నిద్ర పట్టదు. ఏ పనికి ఫోన్ చేయాలో, ఏ పనికి చేయనక్కర్లేదో ముందే తేల్చండి. బ్రాంచి సైరన్ మోగింది, షట్టర్ తాళం తేడాగా ఉంది, క్యాష్ తేలలేదు, ఎవరికైనా ఒంట్లో బాగాలేదు – అర్ధరాత్రైనా ఫోన్ చేయమనండి. డ్వాక్రా సంఘాల రెన్యువల్స్ ఎన్ని అయ్యాయి, రేపు ఇన్సూరెన్స్ పాలసీలు చేయించే లాగిన్ డేకి ఎంతమందిని పిలిచాం, ఇవి పొద్దున చూసుకునేవి. "సార్, ఎనిమిదిన్నర తర్వాత గ్రూపు చూడను. అత్యవసరమైతే ఫోన్ చేయండి, తప్పకుండా ఎత్తుతాను" అని చెప్పండి. ఈ రెండో వాక్యం వదిలేయొద్దు, మొదటిదాన్ని నిలబెట్టేది అదే. ఆ తర్వాత గ్రూపును మ్యూట్‌లో పెట్టేయండి. ఒక్క రాత్రి చూసి జవాబిచ్చినా చెప్పిన మాటకు విలువ పోతుంది. మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

సాయంత్రాల విషయంలో ఒకేసారి ఐదు రోజులూ ఆరింటికి వెళ్లిపోతానంటే కుదరదు. ఐదుగురున్న బ్రాంచి అది. ముందు వారానికి రెండు రోజులు తీసుకోండి, ఆ రెండూ ఎప్పుడూ అవే రోజులుగా ఉండాలి. మంగళ, శుక్రవారాలు అనుకుందాం. ఆ రోజు వీసీకి కావలసిన అంకెలన్నీ ఐదింటికే ఒక కాగితం మీద రాసి మేనేజర్ గారి టేబుల్ మీద పెట్టండి. డిపాజిట్లు, పంట రుణాల రెన్యువల్స్, బంగారం లోన్లు, ఎన్‌పీఏ (మొండిబాకీలు), ఇన్సూరెన్స్ – రీజినల్ ఆఫీసు వాళ్లు అడిగేవి రోజూ దాదాపు ఇవే. ఆ కాగితం చేతిలో ఉంటే మీరు పక్కన లేకపోయినా ఆయనకు టెన్షన్ ఉండదు. నేను మేనేజర్‌గా ఉన్నప్పుడు వీసీలో నాకు కావలసింది అంకెలే. అవి ముందే చేతికి వస్తే, తెచ్చిన మనిషి ఇంటికి వెళ్తే నాకేం ఇబ్బంది?

ముఖ్యంగా ఏదైనా పొద్దునే చెప్పండి. సాయంత్రం ఆరింటికి బ్యాగు భుజాన వేసుకుని "నేను వెళ్లాలి సార్" అంటే, మీది ఎంత న్యాయమైన మాటైనా ఎదుటివాళ్లకు తప్పించుకున్నట్టు కనిపిస్తుంది. అప్పటికి ఆయనకు ఇంకో దారి ఏమీ మిగలదు, అందుకే కోపం వస్తుంది. అదే మాట పొద్దున పదింటికి చెబితే ఆయనకు సర్దుకోవడానికి రోజంతా ఉంటుంది. బ్యాంకులో నేను చూసిన గొడవల్లో చాలా వాటికి కారణం కాదనడం కాదు, చివరి నిమిషంలో కాదనడం.

ఆదివారం రికవరీ ఎందుకు పెడతారో నాకు తెలుసు. రైతు, కూలి ఆ రోజైతే ఇంట్లో దొరుకుతారని. కానీ ప్రతి ఆదివారమూ మీరే వెళ్లాలన్న రూలేం లేదు. ఒక ఆదివారం మీరు, ఒక ఆదివారం మేనేజర్ గారు వెళ్లేలా అడగండి. మిగతా ఊళ్లకు పనిరోజుల్లోనే, పొద్దున్నే వాళ్లు పొలానికి బయల్దేరకముందు వెళ్లి, అటునుంచి అటే బ్రాంచికి రావచ్చు. ఆ రోజు సాయంత్రం అంత ముందుగా బయల్దేరతానని కూడా అప్పుడే చెప్పేయండి.

మీ గంటలు లెక్కేశాను. రోజుకు పది గంటల నలభై ఐదు నిమిషాలు. ఐదు రోజులకు 53 గంటల 45 నిమిషాలు. ఆదివారం మూడు గంటలు కలిపితే దాదాపు 57. ఇది రెండో, నాలుగో శనివారం సెలవున్న వారం లెక్క. సెలవు లేని వారమైతే 67 దాటుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అధ్యయనంలో ఒక మాట ఉంది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. 34 ఏళ్ల వయసులో 150/100 వచ్చిందంటే దాన్ని "ఆఫీసు టెన్షన్" అని పక్కన పెట్టొద్దని చెబుతున్నాను. మాత్రలు మానొద్దు, డాక్టర్ చెప్పిన తేదీకి మళ్లీ వెళ్లండి. వెళ్లినప్పుడు మీ పని గంటలు కూడా చెప్పండి. చాలామంది డాక్టర్‌కు ఉప్పు సంగతి చెబుతారు గానీ ఆఫీసు సంగతి చెప్పరు.

ట్రాన్స్‌ఫర్ భయం గురించి. బ్యాంకు ఆఫీసర్‌కు ఏమీ మాట్లాడకపోయినా రెండు మూడేళ్లకు ట్రాన్స్‌ఫర్ వస్తూనే ఉంటుంది. రికార్డు శుభ్రంగా ఉండి, టైమ్‌కు పని పూర్తిచేసే ఆఫీసర్‌ను, వారానికి రెండు రోజులు ఆరింటికి వెళ్తుందని దూరం పంపడం నేనైతే చూడలేదు. పాస్‌వర్డ్ విషయంలో చిక్కుకున్నవాళ్లను మాత్రం పంపడం చూశాను. పాస్‌వర్డ్ కోసం మళ్లీ మళ్లీ పట్టుబడితే మీ ఆఫీసర్ల యూనియన్ జిల్లా ప్రతినిధికి చెప్పండి. ఇలాంటప్పుడు కూడా ఉపయోగపడకపోతే చందా కట్టడం దేనికి?

చివరగా ఇంటి సంగతి. మంగళ, శుక్రవారాల్లో మిగిలే ఆ రెండు గంటలు తిన్నగా వంటింట్లోకి పోతే మీ బీపీకి ఏ లాభమూ లేదు. మీ ఆయనతో ముందే మాట్లాడండి. ఆ రెండు సాయంత్రాలూ వంట ఆయన చూసుకోవాలి, లేదా పొద్దుటి కూరతోనే సరిపెట్టుకోవాలి. మీరు పాపను తీసుకుని నడకకు వెళ్లండి. ఆఫీసులో గీసిన హద్దు ఇంట్లో చెరిగిపోవడం మన ఆడవాళ్ల విషయంలో ఎప్పుడూ జరిగేదే. మగవాళ్లు ఇది చదివితే దయచేసి పట్టించుకోండి.

ప్రశ్న: ఆంటీ, నాకు 27. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా షిఫ్ట్ మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10. కానీ ఇక్కడి టీమ్ ఉదయం 10కే స్టాండప్ (రోజువారీ టీమ్ మీటింగ్) పెడుతోంది. అమెరికా క్లయింట్ కాల్ రాత్రి 11:30 దాకా సాగుతోంది. జ్వరమని సిక్ లీవ్ పెట్టినా "ఒక్క పది నిమిషాలు లాగిన్ అవ్వు బ్రో" అంటారు. కాదంటే రేటింగ్ తగ్గిస్తారేమో, ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెడతారేమో అని భయం. ఇప్పుడు మార్కెట్ కూడా బాగాలేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నాన్నా, ముందు మీ క్లయింట్ ఏ ఊళ్లో ఉన్నాడో చూడు. న్యూయార్క్ వైపైతే అక్కడ ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అంటే వాళ్లు పొద్దున మాట్లాడితే నీ షిఫ్ట్‌లోనే కాల్ అయిపోతుంది. రాత్రి 11:30 దాకా సాగుతోందంటే వాళ్లు మధ్యాహ్నం భోజనమయ్యాక కాల్ పెట్టుకుంటున్నారన్నమాట. "మాకు అర్ధరాత్రి అవుతోంది, మీ ఉదయానికి మార్చగలరా" అని ఎవరైనా అడిగారా? నాకు తెలిసిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇలా అడిగారు, క్లయింట్ వెంటనే ఒప్పుకున్నాడు. ఇక్కడ ఎంత అవుతోందో వాళ్లకు గుర్తే లేదు. అదే కాలిఫోర్నియా అయితే వాళ్ల ఉదయం 9 మనకు రాత్రి 9:30, చలికాలంలో 10:30. అప్పుడు కాల్ మార్చడం కష్టం. తీసేయాల్సింది ఉదయం స్టాండప్. "రాత్రి కాల్ నేను తీసుకుంటున్నాను కాబట్టి స్టాండప్‌కు రాను, అప్‌డేట్ రాత్రే రాసి పెడతాను" అని లీడ్‌కు మెయిల్ పెట్టు. ఫోన్లో కాదు, మెయిల్లో. రెండు చివర్లా నిన్నే లాగడం కుదరదని అందులో స్పష్టంగా కనిపించాలి.

చట్టం గురించి చాలామంది అడుగుతున్నారు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి పనివేళల తర్వాత ఆఫీసు ఫోన్లకు దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉన్న మన పిల్లలు, మరీ అసమంజసం కానంతవరకు, పనివేళల తర్వాత వచ్చే మెసేజ్ చూడనని చెప్పొచ్చు. మన లోక్‌సభలో ఇదే విషయం మీద ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చినప్పుడు కూడా వారానికి 48 గంటల పరిమితిని అలాగే ఉంచింది. అయితే ఐటీ కంపెనీలకు దుకాణాలు, సంస్థల చట్టంలో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఉంటున్నాయి. అందుకే సెక్షన్ నంబర్లు పట్టుకుని మేనేజర్‌తో వాదనకు దిగమని నేను చెప్పను. మీ కంపెనీ లీవ్ పాలసీలో సిక్ లీవ్ గురించి ఏం రాశారో చదువు. దాని మీద మాట్లాడితే ఎవరూ కాదనలేరు.

జ్వరమొచ్చినప్పుడు మాత్రం లాప్‌టాప్ తెరవొద్దు. లీవ్ మెయిల్లోనే "ఈ రోజు నా పని ఫలానా అతను చూస్తాడు, ఫైళ్లు ఫలానా చోట ఉన్నాయి" అని రాసెయ్. ఆ ఒక్క లైను ఉంటే పది నిమిషాల లాగిన్ అడగడానికి కారణం ఉండదు. రేపు అతనికి జ్వరమొస్తే అతని పని నువ్వు చూడాలి, అది కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, పొద్దున లేవాలంటేనే భయం వేయడం లాంటివి ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ అది, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: అమ్మా, నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్‌ని. నెలకు 14 వేలు. చేరి నాలుగేళ్లు దాటింది. వేసవి సెలవులు పిల్లలకే, మాకు లేవు. ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి, ఒక్కొక్కరికి పది టార్గెట్. తేకపోతే మే నెల జీతం ఆపుతామంటున్నారు. నా టెన్త్, డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్స్ స్కూల్లోనే ఉంచుకున్నారు. స్కూలు నడిచే రోజుల్లో రాత్రి పదింటికి కూడా తల్లిదండ్రులు ఫోన్ చేసి హోంవర్క్ అడుగుతారు. మా ఆయనది ఆటో. నా జీతం లేకపోతే ఇల్లు గడవదు. మీరు రాసే హద్దులు మాలాంటి వాళ్లకు కుదురుతాయా?
– ఒక టీచర్, కరీంనగర్ జిల్లా

జవాబు: తల్లీ, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. పర్మినెంట్ ఉద్యోగికి చెప్పిన మాట నీకు అలాగే చెబితే అది మోసం. బ్యాంకు అమ్మాయిని ఎవరూ రేపు మానెయ్ అనలేరు, నిన్ను అనగలరు. అందుకే నువ్వు ఒక్కదానివీ వెళ్లి ఏదీ కాదనొద్దు.

మీ స్కూల్లో అడ్మిషన్లకు తిరిగే టీచర్లు ఎంతమంది ఉన్నారో అందరూ కలిసి వెళ్లండి. "మేం తిరగం" అని అనొద్దు, ఎలా తిరుగుతారో చెప్పండి. ఉదయం ఏడు నుంచి పదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో తిరగొద్దని వేసవిలో ప్రభుత్వాలే హెచ్చరిస్తాయి. మే నెలలో కరీంనగర్ ఎండ ఎలా ఉంటుందో మీ యాజమాన్యానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇద్దరిద్దరుగా వెళ్తామనండి. తెలియని ఇళ్లకు ఆడపిల్లను ఒక్కదాన్నే పంపడం ఏ రకంగానూ సబబు కాదు. ఆటో ఛార్జీలు స్కూలే ఇవ్వాలి. మనిషికి పది అనే టార్గెట్ బదులు అందరికీ కలిపి ఒక సంఖ్య పెట్టమనండి. పది తేలేనివాళ్లు, పదిహేను తెచ్చేవాళ్లు అప్పుడు ఒకరి మీద ఒకరు పడరు. ఇందులో సగం ఒప్పుకున్నా ఈ ఏడాదికి మేలే. స్కూలుకు కూడా మే నెలలో టీచర్లందరినీ పోగొట్టుకుని జూన్‌లో బడి తెరవడం సాధ్యం కాదు, ఆ సంగతి వాళ్లకు తెలుసు.

కోపంలో మానేసి రావొద్దు. ప్రైవేటు స్కూలు టీచర్లకు కూడా గ్రాట్యుటీ హక్కు ఉందని 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి తేల్చింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పది మంది, అంతకు ఎక్కువ సిబ్బంది ఉన్న స్కూళ్లకు అది వర్తిస్తుంది. మామూలుగా ఐదేళ్ల సర్వీసు పూర్తికావాలి, నీకు నాలుగు దాటింది. చేరిన రోజు ఇచ్చిన అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, ఐడీ కార్డు, హాజరు రిజిస్టర్‌లో నీ పేరున్న పేజీ ఫొటో – ఇవన్నీ ఒక కవర్లో పెట్టి ఇంట్లో దాచుకో. జీతం చేతికి నగదుగా ఇస్తుంటే ఈ నెల నుంచే అకౌంట్‌లో వేయమని అడుగు.

తల్లిదండ్రుల ఫోన్ల విషయంలో నీకు పూర్తి స్వేచ్ఛ ఉంది, దాన్ని వదులుకోవద్దు. స్కూలు తెరిచిన మొదటి వారంలోనే క్లాసు గ్రూపులో పెట్టు: "హోంవర్క్ సాయంత్రం ఆరింటికి గ్రూపులో పెడతాను. ఫోన్లు ఏడున్నర దాకా ఎత్తుతాను. పిల్లలకు ఒంట్లో బాగాలేకపోతే ఎప్పుడైనా చేయండి." మొదటి పది రోజులు పదింటికి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఎత్తకు. మర్నాడు పొద్దున నువ్వే ఫోన్ చేసి "రాత్రి చేశారు కదండీ, చెప్పండి" అని మర్యాదగా అడుగు. తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కాదు, కూలికో దుకాణానికో వెళ్లి వచ్చేసరికి వాళ్లకూ ఆ టైమ్ అవుతుంది. పొద్దున ఎత్తుతావని తెలిస్తే రాత్రి చేయడం మానేస్తారు.

ఇక ఒరిజినల్స్. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. జీతం తక్కువైనా, టార్గెట్ పెట్టినా నువ్వు ఇంకోచోట చేరగలవు. సర్టిఫికెట్లు లేకుండా చేరలేవు. నిన్ను కట్టిపడేస్తున్నది ఆ కాగితాలే. డీఎస్సీకైనా, ఇంకో స్కూలుకైనా వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ కావాలి కాబట్టి అదే రాసి, తిరిగి ఇమ్మని ప్రిన్సిపాల్ పేరున ఒక కాగితం ఇవ్వు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం చేయించుకో. అటెస్టెడ్ జిరాక్సులు వాళ్ల ఫైల్లో పెట్టుకోమను. వెంటనే ఇవ్వనంటే, కనీసం ఏమేం ఉంచుకున్నారో రాసిచ్చే రసీదైనా అడుగు. అందులో టెన్త్ మెమో హాల్‌టికెట్ నంబరు, డిగ్రీ, బీఎడ్ ప్రొవిజనల్ నంబర్లు విడివిడిగా ఉండాలి, కింద స్కూలు స్టాంపు, తేదీ ఉండాలి. నీ తోటి టీచర్లవి కూడా అక్కడే ఉంటాయి, వాళ్లనూ ఆ రోజే అడగమను. అడ్మిషన్ల గురించి మాట్లాడటానికి వెళ్లేముందు ఈ పని చెయ్. రసీదైనా చేతికి వచ్చాకే మిగతా మాట ఎత్తు.